ఓవర్‌హాలింగ్ జరగని వేసవి

నిజాం షుగర్స్ ఎప్పుడు మూతపడిందని బోధన్‌లో ఎవరినడిగినా 2015 డిసెంబర్ అంటారు. లేఆఫ్ ప్రకటించిన నెల అది. బోధన్ పక్కనే ఉన్న శక్కర్‌నగర్ యూనిట్‌తో పాటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంభోజిపల్లి యూనిట్లు కూడా ఆ దెబ్బతోనే ఆగాయి. కాగితాల లెక్క ఇది. చక్కెర మిల్లు లోపల పనిచేసినవాళ్ల లెక్క వేరు. డిసెంబర్‌లో చెరుకు ఆడాలంటే మిల్లు అంతకుముందు ఏప్రిల్ నుంచే తయారవుతూ ఉండాలి. ఏ వేసవిలో ఆ తయారీ కుంటుపడిందో ఆ వేసవిలోనే మిల్లు పడిపోవడం మొదలైందని నేను నమ్ముతాను.

చెరుకు ఆడే నాలుగైదు నెలలు ఊరంతా మిల్లు వైపే చూస్తుంది. కాంటా దగ్గర బండ్ల బారులు, చిమ్నీ పొగ, ఊరి మీద పరుచుకునే మడ్డి వాసన. మిగతా ఏడెనిమిది నెలలు లోపల ఏం జరుగుతుందో బయటివాళ్లకు తెలియదు. రోలర్లు దించి అరిగిన గాడులు మళ్లీ కోయిస్తారు. బాయిలర్ ట్యూబులు తోముతారు. ఎవాపరేటర్లలోకి మనుషులు దిగి గొట్టాలకు పట్టిన పొలుసు గీకుతారు. పంపులన్నీ విప్పి, ఏ ముక్కకా ముక్క గోనెసంచుల మీద పరుస్తారు. మళ్లీ సీజన్‌కు ఒక్క ముక్క మిగలకుండా, ఒక్క బోల్టు తగ్గకుండా బిగిస్తారు. ఓవర్‌హాలింగ్ అంటే ఇదంతా. ఆ నెలల్లో ఒక్క బస్తా చక్కెర తయారు కాదు. ఖాతా పుస్తకంలో అది ఖర్చుగానే కనిపిస్తుంది. అందుకే డబ్బు కరువైన ఏ మిల్లులోనైనా మొదటి కత్తెర దాని మీదే పడుతుంది.

ఆ గోనెసంచుల మీద విప్పి పరిచే యంత్రాల్లో ఒకదాని దగ్గర కాసేపు ఆగాలి. దాని పేరు డయాఫ్రమ్ పంపు. మిల్లులో అందరికీ మడ్ పంపు. టర్బైనును చూసినట్టు, మిల్లు రోలర్లను చూసినట్టు దాన్ని ఎవరూ తలెత్తి చూడరు. ఫ్యాక్టరీ చూడటానికి వచ్చిన మంత్రికి దాన్ని చూపించరు. కానీ అది ఒక్క షిఫ్టు మొండికేస్తే బాయిలింగ్ హౌస్ మొత్తం తలపట్టుకుంటుంది.

చెరుకు నలిగి బయటికొచ్చే రసం తాగే రసంలా ఉండదు. మట్టి, ఇసుక, పీచు, మైనం అన్నీ అందులోనే ఉంటాయి. దానికి సున్నపు పాలు కలుపుతారు, గంధకం కాల్చిన వాయువు పట్టిస్తారు, మరిగే వేడికి తెస్తారు. అప్పుడు మురికంతా విడిపోయి ముద్ద కడుతుంది. ఆ రసాన్ని క్లారిఫయర్ అనే పెద్ద గుండ్రటి తొట్టిలోకి వదిలి రెండు మూడు గంటలు కుదుపు లేకుండా మెల్లగా సాగనిస్తే మురికి అడుగుకు చేరుతుంది. తేట రసం పైనుంచి ఎవాపరేటర్లకు పోతుంది. అడుగున చేరిన ఆ మురికిని, అంటే మడ్‌ను, ఎప్పటికప్పుడు తోడే పని మడ్ పంపుది. తోడటం తగ్గితే మడ్ పైకి లేచి తేట రసంలో కలుస్తుంది, చక్కెర రంగు చెడుతుంది. తోడటం ఎక్కువైతే మడ్‌తో పాటు మంచి రసం పోతుంది. మడ్ అడుగున మరీ ఎక్కువసేపు నిలిచిపోతే అందులో ఉన్న చక్కెర విరిగిపోతుంది, ఇక అది గింజ కట్టదు. రైతు ఏడాది పాటు పెంచిన తీపి, మిల్లు కాంటా దాటి లోపలికి వచ్చాక ఇలా పోతుందన్న మాట.

ఈ పంపు పుట్టింది చక్కెర కోసం కాదు. గనుల్లో ఖనిజపు బురదను తేర్చడానికి 20వ శతాబ్దం తొలి ఏళ్లలో జాన్ డార్ అనే అమెరికన్ ఇంజినీరు చేసిన తొట్లు, వాటి బురద తోడే పంపులు తర్వాత చక్కెర మిల్లులకు వచ్చాయి. మామూలు పంపులో గిరగిరా తిరిగే చక్రం ఉంటుంది. ఇసుక, పీచు కలిసిన చిక్కటి మడ్‌ను దానితో తోడితే చక్రం అరిగిపోతుంది, గ్లాండు కారుతుంది. డయాఫ్రమ్ పంపులో తిరిగేదేదీ మడ్‌ను తాకదు. డప్పుకు తోలు బిగించినట్టు ఇనుప గిన్నె మీద మందపాటి రబ్బరు బిళ్ల బిగించి ఉంటుంది. పైనుంచి ఒక కడ్డీ దాన్ని లేపుతుంది, దించుతుంది. లేచినప్పుడు కింది బంతి తెరుచుకుని మడ్ లోపలికొస్తుంది. దిగినప్పుడు కింది బంతి మూసుకుని, పై బంతి తెరుచుకుని మడ్ బయటపడుతుంది. ఒక రబ్బరు, రెండు బంతులు, వాటి కింద రెండు సీట్లు. ఇంతే యంత్రం. పాత రకం పంపుల్లో మడ్ కళ్లెదురుగానే తొట్టిలో పడేది. ఎంత చిక్కగా పడుతున్నదో చూసి మనిషి స్ట్రోక్ పెంచేవాడు, తగ్గించేవాడు. మీటరు అక్కర్లేదు. కన్ను చాలేది.

అంత సాదా యంత్రం కాబట్టే దాని సర్వీసింగ్ మీద చాలామందికి చిన్నచూపు. తెలిసిన ఫిట్టర్ అలా చూడడు. ముందు మోటారు ఆపి, ఫ్యూజు పీకి సొంత జేబులో వేసుకుంటాడు. రెండు వైపులా వాల్వులు మూస్తాడు. లోపల మిగిలిన మడ్ వంద డిగ్రీలకు దగ్గరి వేడిలో ఉంటుంది, అది చల్లారేదాకా డ్రెయిన్ విప్పి పక్కకు నిలబడతాడు. వేడి నీళ్లతో కడిగాకే బోల్టుల మీద స్పానర్ పెడతాడు. రబ్బరు బయటికి తీశాక దాన్ని వెలుతురుకు పట్టి, మడత పడే చోట వేళ్లతో వెనక్కి వంచి చూస్తాడు. పగులు ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. సన్నటి గీత కనిపిస్తే చాలు, ఆ రబ్బరు మళ్లీ పంపు ఎక్కదు. ఈ సీజన్‌కు సాగుతుందిలే అనుకున్న రబ్బరు జనవరి అర్ధరాత్రి చిరుగుతుంది. గోరుతో నొక్కి చూస్తాడు. వేడికి తట్టుకోని రకం రబ్బరయితే గోరు దిగదు, అట్ట కట్టి ఉంటుంది. దాన్నీ పక్కన పడేయాల్సిందే.

తర్వాత బంతులు. సీటు మీద బంతి పెట్టి పైన చెంబెడు నీళ్లు పోస్తారు. నీళ్లు నిలిస్తే సీటు మంచిది. జారిపోతుంటే ఎక్కడో గీత పడిందన్న మాట. ఇసుక గీసిన గీత, వెంట్రుక మందం కూడా ఉండదు, కానీ ఆ దారినే పంపు బలమంతా పోతుంది. ఆ సీటును రుబ్బి నునుపు చేస్తారు, లేదంటే మారుస్తారు. కొత్త రబ్బరు ఎక్కించేటప్పుడు గ్రీజు పూయరు, కొన్ని రకాల రబ్బరుకు నూనె సోకితే ఉబ్బుతుంది. సబ్బు నీళ్లు చాలు. బోల్టులు వరసగా బిగించరు. ఇటొకటి, ఎదురుగా అటొకటి, కొంచెం కొంచెంగా బిగిస్తారు. ఒకేవైపు బిగిస్తే రబ్బరు ముడత పడుతుంది, అతిగా బిగిస్తే అంచు నలిగి తెగుతుంది. ఒక షిఫ్టు నడిచాక వేడికి రబ్బరు కుదురుకుంటుంది, అప్పుడు మళ్లీ ఒకసారి అన్ని బోల్టులూ చూడాలి. ఈ చివరి పని ఏ పుస్తకంలో ఉన్నా లేకున్నా, పెద్ద ఫిట్టర్ పక్కన నిలబడి నేర్చుకున్నవాడే మరిచిపోకుండా చేస్తాడు.

ఇంత చేసినా పంపు వెంటనే పనిచేయదు. ప్రైమింగ్ చేయాలి. ఎండిన సీటు మీద ఎండిన బంతి కూర్చుంటే గాలి ఆగదు. రబ్బరు లేస్తుంది, దిగుతుంది, లోపల గాలి అటూ ఇటూ ఊగుతుంది, మడ్ మాత్రం పైపులో అంగుళం కదలదు. ముందు గిన్నె నిండా నీళ్లు పోసి బంతులు తడపాలి. సక్షన్ పైపులోకీ నీళ్లు నింపాలి. స్ట్రోక్ బాగా తగ్గించి మెల్లగా నడిపించాలి. బుడగలు ఆగి, నీటి ధార తెగకుండా పడ్డాక మడ్ వాల్వు కొద్దికొద్దిగా తెరవాలి. నిజామాబాద్ రైతుకు ఇది కొత్త సంగతేం కాదు. బావి మోటారు గాలి పట్టినప్పుడు బిందెడు నీళ్లు పోసి ఎత్తించిన చెయ్యే అది. రాత్రి షిఫ్టులో ఈ పని దగ్గర మాటలు ఇట్లా నడుస్తాయి:

"ఏందిరా, ఎత్తుకుంటలేదా?"

"లేదన్నా. స్ట్రోక్ కొడుతున్నది గని మాల్ వస్తలేదు."

"బాల్ సప్పుడు ఇనవడుతున్నదా?"

"ఒకటే ఇనవడుతున్నది."

"కింది బాల్‌ల పీచు ఇరికింది. బంద్ చెయ్. వేడి నీళ్ల పైపు అందుకో. ఎనకనుంచి కొట్టి సూద్దాం, గప్పుడు గూడ రాకుంటె విప్పుదాం."

రెండు బంతులకు రెండు చప్పుళ్లు. ఒకటి తగ్గితే ఎక్కడ తగ్గిందో చెవి చెబుతుంది. ఇలాంటి చెవులు ఒక మిల్లులో తయారు కావడానికి ఏళ్లు పడుతుంది. శక్కర్‌నగర్‌కు తరాలు పట్టింది.

ఆ తరాల కథ మంజీరా నది నుంచి మొదలవుతుంది. 1923లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో అచ్చంపేట దగ్గర మంజీరాకు అడ్డంగా నిజాంసాగర్ మొదలైంది. చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 1931 నాటికి ఆనకట్ట పూర్తయింది. 2.75 లక్షల ఎకరాలు తడపాలని దాని ఉద్దేశం. కాలువ దిగువకు వచ్చేకొద్దీ పడావు నేలలు మాగాణి అయ్యాయి. కోస్తా జిల్లాల నుంచి రైతులు బండ్లు కట్టుకుని వచ్చి గుడిసెలు వేశారు. ఆ గుడిసెలే ఊళ్లయ్యాయి, పేరు చివర క్యాంపు అన్న మాట ఈనాటికీ ఆ ఊళ్లను వదల్లేదు. నీళ్లుంటే చెరుకు, చెరుకుంటే మిల్లు. 1937లో బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. దాని చుట్టూ లేచిన కాలనీయే శక్కర్‌నగర్. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని దానికి పేరు. ఫ్యాక్టరీకి సొంతంగా వేల ఎకరాల చెరుకు తోటలుండేవి. డిస్టిలరీ ఉండేది. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, క్లబ్బు, ఆటస్థలం అన్నీ ఆ ఆవరణలోనే. ఉర్దూ, తెలుగు, మరాఠీ ఒకే షిఫ్టులో వినిపించేవి. తండ్రి ఖలాసీ అయితే కొడుకు ఫిట్టర్, మనవడు ఎలక్ట్రీషియన్.

రైతుకూ మిల్లుకూ మధ్య నడిచింది ఒక వైపు వ్యవహారం కాదు. మిల్లు విత్తనపు చెరుకు ఇచ్చేది, ఎరువు అప్పు మీద ఇప్పించేది, చెరుకు డబ్బులో పట్టుకునేది. చెరుకు పోయిన బండిలోనే తిరుగు ప్రయాణంలో ప్రెస్ మడ్ వచ్చేది. మడ్ పంపు తోడి, ఫిల్టర్ మీద రసం పిండేశాక మిగిలే నల్లటి మెత్తటి పిప్పి అది. దాన్ని పొలానికి కొడితే నరికిన మోళ్ల నుంచి మళ్లీ చిగిర్చే కార్శి తోట కూడా పచ్చగా లేచేది. అంటే మిల్లు మురికి కూడా వృథా పోలేదు. తీసుకునే ముందు ఇవ్వడం, ఇచ్చాక తీసుకోవడం అన్న పద్ధతి మీదే ఆ వ్యవస్థ అరవై ఏళ్లకు పైగా నిలబడింది.

పతనానికి ఒక్క కారణం చెప్పి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. మొదట నీళ్లు. నిజాంసాగర్ కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టేది. పైనుంచి మంజీరా తెచ్చిన పూడిక అడుగున పేరుకుపోయింది. తోడే దారి లేదు. 1970లలో మట్టం పెంచినా ఇప్పటికీ 18 టీఎంసీలకు లోపే పడుతుంది. దాని మీద, ఎగువన సింగూరు జలాశయం వచ్చింది. హైదరాబాద్‌కు తాగునీళ్లు కావాలి, కాదనలేం. కానీ ఆ నీళ్లు ఎవరి వాటా నుంచి పోయాయో బోధన్ చివరి ఆయకట్టు రైతుకు తెలుసు. చెరుకు పది పన్నెండు నెలల పంట. నీళ్ల మీద భరోసా లేనివాడు చెరుకు వేయడు. వరి వేస్తాడు, నాలుగు నెలల్లో చేతికొస్తుంది.

తర్వాత డబ్బు. చెరుకు తెచ్చిన 14 రోజుల్లో రైతుకు డబ్బు కట్టాలని 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. దేశంలో ఎన్ని మిల్లులు ఆ మాట నిలబెట్టుకున్నాయో చెరుకు రైతులందరికీ తెలుసు. బకాయి ఒక సీజన్ దాటితే రైతు ఎకరం తగ్గిస్తాడు. రెండు సీజన్లు దాటితే తోట దున్నేస్తాడు. చెరుకు తగ్గితే మిల్లు శక్తిలో సగానికి నడుస్తుంది. సీజన్ నాలుగు నెలల నుంచి రెండు నెలలకు కుంచించుకుపోతుంది. నష్టం పెరుగుతుంది. నష్టం పెరిగితే వేసవి ఓవర్‌హాలింగ్‌కు డబ్బు రాదు. పాత రబ్బరే మళ్లీ ఎక్కుతుంది. సీజన్ మధ్యలో మిల్లు ఆగుతుంది, బండ్లు యార్డులో ఎండకు నిలబడతాయి, నరికిన చెరుకు ఒక రోజు దాటితే బరువూ తీపీ రెండూ పోతాయి. ఆ రైతు మళ్లీ ఏడాది ఆ గేటు వైపు రాడు. ఒకసారి ఈ సుడిలో పడ్డ మిల్లును బయటికి లాగాలంటే ముందు పెట్టుబడి పోయాలి. గాలి పట్టిన పంపును ఖాళీగా ఎంతసేపు తిప్పినా మోటారు కాలడమే తప్ప మాల్ రాదు. ప్రభుత్వాలు, యాజమాన్యాలు ఎన్ని మారినా ఈ ఒక్క సంగతి దగ్గరే అందరూ తప్పారని నా అభిప్రాయం. తోడాలని అందరూ చూశారు. ముందు నీళ్లు పోయాలని ఎవరూ చూడలేదు.

ప్రభుత్వరంగ సంస్థల అమ్మకాల కాలంలో, 2002లో, శక్కర్‌నగర్, ముత్యంపేట, మంభోజిపల్లి యూనిట్లలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 49 శాతం ప్రభుత్వం దగ్గర మిగిలింది. కొత్త కంపెనీ పేరు నిజాం దక్కన్ షుగర్స్ లిమిటెడ్. చాలామంది కార్మికులు స్వచ్ఛంద పదవీ విరమణ కాగితం మీద సంతకం పెట్టి బయటికొచ్చారు. ఆ సంతకాలతో పాటు బయటికి పోయిన విద్య ఎంతో ఏ ఆడిటరూ లెక్క కట్టలేదు. రోలరు ధర రిజిస్టరులో ఉంటుంది, భూమి ధర ఉంటుంది. రెండు బంతుల్లో ఏది ఇరుక్కుందో చప్పుడు బట్టి చెప్పే చెవికి ధర రాసే గడి ఉండదు.

అమ్మకం మీద వివాదం అప్పుడే మొదలై ఏళ్లపాటు సాగింది. రాష్ట్ర ఉద్యమ కాలంలో నిజాం షుగర్స్ పేరు ప్రతి సభలో వినిపించింది. 2014లో తెలంగాణ వచ్చింది. ఫ్యాక్టరీని ప్రభుత్వమే మళ్లీ తీసుకుంటుందని శక్కర్‌నగర్ క్వార్టర్లలో ఆశ లేచింది. మహారాష్ట్ర పద్ధతిలో రైతుల సహకార సంఘానికి అప్పగించాలన్న ఆలోచన కూడా ముందుకొచ్చింది, కానీ అప్పుల్లో ఉన్న మిల్లును నెత్తికెత్తుకునే స్తోమత రైతుల దగ్గర లేదు. 2015 డిసెంబర్‌లో గేటు పడింది. సీజన్ మొదలు కావాల్సిన నెలలో సీజన్ ముగిసింది. 2019లో జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. జీతం బకాయిల కోసం కార్మికులు కార్యాలయాల మెట్లెక్కుతూ దిగుతూ ముసలివాళ్లయ్యారు. కొందరు ఆ డబ్బు చూడకుండానే పోయారు.

మనుషులు బయట ఉండి ముసలివాళ్లవుతుంటే లోపల యంత్రాలకూ అదే జరుగుతుంది. ఆగిన చక్కెర మిల్లులో మడ్ పంపుకు ఏమవుతుందో ఏ ఫిట్టరైనా కళ్లు మూసుకుని చెబుతాడు. సీజన్ ముగిశాక సరిగా మూసిన పంపయితే లోపల కడిగి, ఆరబెట్టి, రబ్బరు తీసి ఎండ తగలని చోట పరుస్తారు. హఠాత్తుగా గేటు వేసిన మిల్లులో ఆ పని చేసేదెవరు? గిన్నెలో మిగిలిన మడ్ మొదట పులుస్తుంది. పులుపు పోత ఇనుమును తింటుంది. తర్వాత నీరంతా ఇగిరి, సున్నం కలిసిన మడ్ బిగుసుకుపోతుంది. బంతులు సీట్లకు అతుక్కుంటాయి. రబ్బరు మొదట గట్టిపడుతుంది, తర్వాత పొడి రాలుతుంది. బోల్టులు తుప్పుతో నట్లను పట్టేస్తాయి, స్పానర్ తిప్పితే తల ఊడి చేతికొస్తుంది. మొదటి ఏడాది ఒక రోజు పనితో బతికించగలిగే పంపు, ఐదో ఏటికి గిన్నె మార్చాల్సిన పంపు అవుతుంది, పదో ఏటికి తూకానికి పోయే ఇనుము. ఒక్క పంపు సంగతి ఇది. ఎవాపరేటర్లు, పాన్లు, సెంట్రిఫ్యూగల్స్, బాయిలర్లు అన్నింటికీ ఇదే లెక్క, అంకెలే పెద్దవి.

యంత్రాన్ని మళ్లీ కొనవచ్చు. ఇప్పుడు గాలి ఒత్తిడితో నడిచే రెండు డయాఫ్రమ్‌ల పంపులున్నాయి. మోటారు లేదు, నీళ్లు పోయకుండానే కొంత లోతు నుంచి ఎత్తుకుంటాయి. మంచి యంత్రాలే. వాటిలోనూ అవే రబ్బరు బిళ్లలు, అవే బంతులు, అవే సీట్లు. వాటికీ పగులు మడత దగ్గరే మొదలవుతుంది. వాటినీ ఎవరో ఒకరు విప్పి వెలుతురుకు పట్టి చూడాలి.

ఆ చూసేవాళ్లు ఇప్పుడెక్కడ? కొందరు మహారాష్ట్ర మిల్లులకు సీజన్ పనికి పోయారు. కొందరు గల్ఫ్‌కు వెళ్లి వచ్చారు. కొందరు బోధన్‌లోనే బావి మోటార్లు బాగు చేసుకుంటూ బతికారు. ఆసియాలో పెద్ద మిల్లు నడిపిన చేతులు ఐదు హార్స్‌పవర్ మోటారుకు వైండింగ్ చుట్టాయి. అది చిన్న పని అని నేననను. కానీ ఆ చేతుల పక్కన నిలబడి నేర్చుకునే కుర్రాడు లేడు. శక్కర్‌నగర్‌లో పుట్టి, సైరన్ మోతతో లేచి బడికి పోయిన పిల్లలు ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ల పిల్లలకు తాత ఏం పని చేసేవాడో చెప్పాలంటే చూపించడానికి నడుస్తున్న యంత్రం ఒక్కటీ లేదు. బోధన్ చుట్టూ పొలాల్లో వరి ఉంది, మొక్కజొన్న ఉంది, పసుపు ఉంది. చెరుకు కోసం వెతకాల్సి వస్తుంది.

2024లో కొత్త ప్రభుత్వం పునరుద్ధరణకు కమిటీ వేసింది. మళ్లీ ఆశ లేచింది. ఆశను తక్కువ చేయను. ఆ ఊరికి అది హక్కు. కానీ కమిటీలు ముందుగా అడిగేవి అప్పు ఎంత, భూమి ఎంత, యంత్రాలకు ఎంత వస్తుంది అన్నవే. వాటికంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. చివరి ఆయకట్టుకు చెరుకు పండేంత నీళ్లు ఏ నెల నుంచి ఏ నెల వరకు ఇస్తారు? మొదటి సీజన్ చెరుకు డబ్బు, గానుగ తిరగకముందే ఎక్కడ జమ చేస్తారు? ఈ రెండింటికి రాతపూర్వకంగా జవాబు చెప్పకుండా గేటు తెరిస్తే అది ఖాళీ పంపుకు స్విచ్ వేయడమే.

ఇంకో విన్నపం కూడా ఉంది, దీనికి కోట్లు అక్కర్లేదు. శక్కర్‌నగర్, ముత్యంపేట, మంభోజిపల్లిలో పనిచేసిన ఫిట్టర్లు, పాన్‌మెన్లు, బాయిలర్ అటెండెంట్లు ఇంకా కొందరున్నారు. చాలామందికి డెబ్బై దాటింది. నిజామాబాద్, బోధన్ ఐటీఐలవాళ్లు గానీ, పాలిటెక్నిక్‌లవాళ్లు గానీ ఒక రికార్డరు, ఒక నోటుపుస్తకం పట్టుకుని వాళ్ల ఇళ్లకు వెళ్లండి. ఏ పంపు ఎలా విప్పేవాళ్లో, ఏ చప్పుడుకు ఏం చేసేవాళ్లో, వేసవిలో ఏ పని తర్వాత ఏ పని పెట్టుకునేవాళ్లో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఫ్యాక్టరీ తెరుచుకున్నా తెరుచుకోకపోయినా ఈ పని ఈ ఏడాదే జరగాలి.